ఖాళీ పోస్టు

ఫిబ్రవరి 3

పెద్దాయన పోయారు. ల్యాబ్‌లోనే. ఊళ్లో కుళాయిల నుంచి పట్టుకొచ్చిన నీళ్ల సీసాలు బల్ల మీద వరసగా పెట్టి, మొదటి దాంట్లో మందు చుక్కలు వేసి, స్టూలు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారు. నేను సింకు దగ్గర ఉన్నాను. సీసాలు కడిగే చప్పుడులో నాకేమీ వినపడలేదు. అంబులెన్సు వాళ్లు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపారు.

అందరూ వెళ్లిపోయాక మిగతా సీసాలు నేనే పరీక్ష చేశాను. చుక్కలు వేస్తే నీళ్లు ఎంత పసుపురంగుకి మారతాయో చూసి క్లోరిన్ ఎంతుందో రాయాలి. ఆయన లేరని ఊరు నీళ్లు తాగడం మానదు కదా. రిపోర్టు రాసి, సంతకం చోటు ఖాళీగా వదిలేశాను. టెంపరరీ వాళ్లు సంతకం పెట్టకూడదు.

ఫిబ్రవరి 4

వాళ్లింటికి వెళ్లొచ్చాం. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్లలు లేరు. నన్ను చూసి, "మీరేనా సీసాల అక్క? మీ గురించి చెప్పేవారు," అంది.

సీసాల అక్క! తొమ్మిదేళ్లు ఆయన పనిలో సగం నేను లాగితే, ఆ ఇంట్లో నా పేరు అదన్నమాట.

వచ్చేటప్పుడు జీపులో సూపర్‌వైజర్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇక నీ సంగతి చూడాలమ్మా," అన్నాడు. నేను దాని గురించి ఆలోచించలేదు. చావింటి నుంచి వస్తూ అలాంటివి ఎవరైనా ఆలోచిస్తారా?

ఫిబ్రవరి 5

పర్మనెంట్ అయితే ఈ మేడ మీద రేకుల గది వదిలేసి కింద వాటాలోకి మారిపోదామని అమ్మతో అన్నాను. అమ్మ మోకాళ్లకి మెట్లు పడటం లేదు.

ఫిబ్రవరి 17

ఆయన భార్య ఆఫీసుకి వచ్చింది. పక్కన మరిది. టైర్ల షాపు ఉందట. మాట్లాడిందంతా అతనే.

గుమస్తా గొంతు ఎప్పుడూ పెద్దదే. బయట బెంచీ మీద కూర్చున్న నాకు ప్రతి ముక్కా వినపడింది. భార్యకి నెలనెలా కొంత పెన్షన్ ఎలాగూ వస్తుంది, అది పాలకీ కరెంటుకీ సరి. దాని పైన రెండిట్లో ఒకటి కోరుకోవాలి. ఆయన ఉద్యోగం ఆవిడ తీసుకోవచ్చు. లేదా ఉద్యోగం వద్దని రాసిచ్చి, ఏకమొత్తంగా డబ్బు తీసుకోవచ్చు. రెండూ ఇవ్వరు. ఏదన్నదీ మే నెలాఖరులోగా చెప్పాలి.

"డబ్బేనండీ," అన్నాడు మరిది. "మా వదిన ఉద్యోగం ఏం చేస్తుంది? ఇల్లు దాటి ఎరగదు."

"ఆలోచించుకుని చెప్తాను," అంది ఆవిడ. ఎంత నెమ్మదిగా అందంటే గుమస్తా, "ఆఁ?" అని మళ్లీ అడిగాడు.

ఆయన ఉద్యోగం ఆవిడ తీసుకోవచ్చట. ఆయన ఉద్యోగం ఏమిటి? అది నాది.

ఫిబ్రవరి 18

సూపర్‌వైజర్‌ని అడిగాను.

"ఆవిడ తీసుకోదులే. తీసుకోకపోతే నీ పేరు పంపిద్దాం."

"తీసుకుంటే సార్?"

"తీసుకుంటే రూలు ప్రకారం ఆవిడకే కదమ్మా. మొగుడు పోయినావిడ."

ఫిబ్రవరి 20

రెండు రోజులుగా ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. మొగుడు పోయినావిడ.

ఆవిడ మొగుడు చచ్చిపోయాడు కాబట్టి ఆవిడకి ఉద్యోగం, పెన్షన్, ఆఫీసంతా చందా వేసుకుని ఇచ్చిన కవరు. ఆ చందాలో నేనూ వేశాను. నా మొగుడు బతికే ఉన్నాడు, ఎక్కడో, ఎవరితోనో. అందుకని నాకేమీ లేదు. చచ్చిపోతే దానికో రూలుంది. చెప్పకుండా చొక్కాలు సర్దుకుని వెళ్లిపోతే ఏ ఆఫీసులోనూ దానికి రూలు లేదు.

నాన్న పోయినప్పుడు మూటలు మోయించుకున్న కాంట్రాక్టరు అమ్మ చేతిలో ఒక నెల కూలి పెట్టి గేటు వేసుకున్నాడు. అమ్మ ఆ తర్వాత జీవితమంతా మిషను తొక్కింది.

మార్చి 9

ఆవిడ ల్యాబ్‌కి వచ్చింది. ఒక్కతే. "పని ఎలా ఉంటుందో చూసి, చెయ్యగలనో లేదో తేల్చుకుంటానండీ," అని సూపర్‌వైజర్‌ని అడిగిందట. ఆయన నా దగ్గరికి పంపించాడు. "అన్నీ చూపించు," అన్నాడు నాతో.

నా కుర్చీలో కూర్చోబోయే మనిషికి నేనే పాఠాలు చెప్పాలన్నమాట. నాకు కుర్చీ కూడా లేదు, స్టూలు. సరే, నా స్టూలే.

మార్చి 11

వస్తోంది రోజూ. "అక్కా" అంటోంది. వద్దనలేను కదా.

మార్చి 12

ఈరోజు ఎత్తు ట్యాంకు ఎక్కించాను. శాంపిలు పైనుంచే తియ్యాలి. పెద్దాయన నెలకోసారి ఎక్కేవారు, అదీ వాన లేనప్పుడు. ఆవిడకి మొదటి వారంలోనే చూపించడం మంచిదనిపించింది. ఇనప నిచ్చెన సగం దాకా ఎక్కి కళ్లు మూసుకుని నిలబడిపోయింది. చీర కొంగు నడుముకి చుట్టుకున్నా గాలికి విడిపోతోంది.

"ఇలా ఎన్నిసార్లు ఎక్కాలి అక్కా?" కింద నుంచి చూస్తున్న నన్ను అడిగింది.

"ఎప్పుడు ఎక్కమంటే అప్పుడు," అన్నాను.

అబద్ధమేమీ కాదు. ఎక్కమంటే ఎక్కాల్సిందే.

ఎక్కింది మరి. దిగి వచ్చాక అరచేతులు చూపించి నవ్వింది, తుప్పంతా అంటుకుని ఉంది. మొగుడు పోయాక నవ్వడం అదే మొదలేమో. నాకేం తెలుసు.

మార్చి 13

అమ్మ అడిగింది, "ఆ పిల్లని ట్యాంకు ఎందుకు ఎక్కించావే?" అని. నేను చెప్పి ఉండాల్సింది కాదు.

"పని తెలియాలి కదా."

"నువ్వు చేరినప్పుడు నిన్నెక్కించారా?"

అన్నం తినేటప్పుడు లాయరులా అడ్డప్రశ్నలు వేస్తుంది. తినకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను. తర్వాత ఆకలేసింది.

మార్చి 21

మధ్యాహ్నం డబ్బాలు తెరుచుకుని పంపుల గది మెట్ల మీద కూర్చున్నాం. అక్కడ మోటార్ల హోరులో పక్కవాళ్ల మాట కూడా సరిగా వినపడదు. అందుకేనేమో ఇన్నాళ్లకి నోరు విప్పింది.

"ఆయన జీతం ఏనాడూ నా చేతికి రాలేదక్కా. ఇల్లు అన్నదమ్ములిద్దరి పేరు మీద ఉంది. జీతం వచ్చిన రోజు మా మరిది చేతిలో పెట్టేవారు, ఖర్చులు అతనే చూసేవాడు. జాకెట్ గుడ్డ కావాలన్నా తోటికోడల్ని అడగాలి. ఇప్పుడేమంటున్నాడో తెలుసా? నువ్వొక్కదానివి ఎంత తింటావు వదినా, ఆ డబ్బు షాపులో పెడితే వడ్డీ నెలనెలా నీ చేతిలో పోస్తానంటున్నాడు."

"పోస్తాడేమోలే," అన్నాను.

"పోస్తాడు. ఏం కొనుక్కున్నావని అడుగుతాడు కూడా." డబ్బా మూత పెట్టేసింది. "ఉద్యోగమైతే జీతం నా పేరు మీద పడుతుంది. దాన్ని షాపులో పెట్టడానికి కుదరదు కదా. పొద్దున్నే లేచి బయటికొచ్చేయొచ్చు. ఇక్కడ ఎవరూ నన్ను వంటింట్లోంచి కేకేసి పిలవరు."

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు. ఎండకేమో.

ఏప్రిల్ 2

బస్టాపులో మరిది కారు ఆపాడు. "అక్కగారూ, ఎక్కండి, దింపేస్తాను." మా వీధి మొదట్లో ఆపి, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ మొదలుపెట్టాడు.

"వదిన మీ మాటంటే వింటోంది. ఆవిడకి ఆ రసాయనాలూ నిచ్చెనలూ ఎందుకండీ? కాస్త మంచి మాట చెప్పండి. మీ మేలు మర్చిపోను." అని ఒక కవరు ముందుకి జరిపాడు.

తీసుకోలేదు. ముట్టుకోలేదు కూడా. నేనలాంటిదాన్ని కాను. "ఆవిడకి ఏది మంచిదో అదే చెప్తాను, మీకోసం కాదు," అని గట్టిగానే చెప్పి దిగాను.

ఎవరైనా నా గురించి ఏమైనా అనుకుంటే ఇది గుర్తుపెట్టుకోవాలి. కవరు తీసుకోలేదు.

ఏప్రిల్ 3

కారులో ఏసీ చాలా బాగుంది.

ఏప్రిల్ 16

క్లోరిన్ సిలిండరు దగ్గర చిన్న లీకు. అలాంటివి మామూలే, తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని ఆపరేటర్ వాల్వు బిగించేశాడు. కానీ ఆవిడ దగ్గి దగ్గి కళ్లు ఎర్రబడి గోడ పట్టుకుని కూర్చుంది. నీళ్లు తాగించాను. వీపు రాశాను.

"ఆయన గుండె దీనివల్లే పాడైందంటావా అక్కా?"

కాదు. ఆయనకి ముందు నుంచీ బీపీ. మాత్రలు వేసుకునేవారు కాదు, నేను గుర్తుచేసినా వేసుకునేవారు కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

"ఏమో మరి," అన్నాను. "ఇన్నేళ్లు పీల్చారు కదా."

ఏప్రిల్ 17

ఆవిడ రాలేదు.

ఏప్రిల్ 18

రాలేదు. శాంపిళ్లన్నీ నేనే చేశాను. హాయిగా ఉంది. అంటే, పని త్వరగా అయిందని.

మే 4

మళ్లీ వస్తోంది, కానీ ముఖంలో ఆ ఉత్సాహం లేదు. ఆ రోజు దగ్గు ఇంట్లో అందరూ విన్నారట. మరిది డాక్టరుకి చూపించి, "నేను ముందే చెప్పాను కదా," అన్నాడట. తోటికోడలు పళ్లరసం తీసిచ్చిందట, ఇన్నేళ్లలో మొదటిసారి.

నేను చూసినంతలో అతను అంత చెడ్డవాడేమీ కాదు. మాటతీరు మర్యాదగానే ఉంది. ఆడదాని చేతిలో అంత డబ్బుంటే నిజంగానే ఎవరో ఒకరు మోసం చేస్తారు. ఇంట్లోవాళ్ల దగ్గరుంటే అదొక భద్రత. ఇదంతా నేను నిష్పక్షపాతంగా ఆలోచిస్తున్నాను.

మే 18, సోమవారం

అయిపోయింది.

పొద్దున్న వచ్చి, సంచి భుజం మీంచి దించకుండానే అడిగింది. "అక్కా, నాకు ఎటూ తోచడం లేదు. నీకో చెల్లెలుందనుకో. అది నా స్థితిలో ఉంటే ఏం చెయ్యమంటావు?"

సింకులో నీళ్లు పోతున్నాయి. కుళాయి కట్టాను. ఏం చెప్పాలో ముందే అనుకుని ఉన్నానని కాదు. నోటికి వచ్చింది చెప్పాను.

"డబ్బు తీసుకోమంటాను. ఈ గాలి నీకు పడదు. ఆయన్ని మింగింది చాలదా?"

సంచి భుజం మీంచి దించింది. తర్వాత, "నువ్వు చెప్తే సరే," అంది. "ఇంట్లోవాళ్లు చెప్తే నమ్మబుద్ధి కాలేదు. నీకు ఇందులో వచ్చేదేముంది?"

గుమస్తా గది దాకా నేనే తీసుకెళ్లాను. ఎక్కడ సంతకం పెట్టాలో వేలుపెట్టి చూపించాను. పెన్ను నాదే. 'ఉద్యోగం నాకు వద్దు' అనే వాక్యం ఆవిడ రెండుసార్లు చదువుకుంది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "అన్నీ దగ్గరుండి చేయించావక్కా," అంది. చెయ్యి చల్లగా ఉంది.

మంచి పనే చేశాను. ఆవిడ ఊపిరితిత్తులు ఆవిడకి దక్కుతాయి.

మే 20, బుధవారం

సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. "సార్, ఆవిడ వద్దని రాసిచ్చేసింది. నా పేరు ఎప్పుడు పంపిస్తారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకోవడం ఎంతకీ అవడం లేదు. "గుమస్తాని ఒకసారి కనుక్కో," అన్నాడు.

గుమస్తా నన్ను చూసి జాలిపడ్డాడు. దానికంటే కొట్టినా బాగుండేది.

"ఏ పోస్టు అమ్మాయ్? వారసులు తీసుకుంటేనే అది ఉంటుంది. వాళ్లు వద్దంటే ఆయనతో పాటే అదీ పోయింది. రద్దు. కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేసి చాలా కాలమైంది, నీకెవరూ చెప్పలేదా?"

"సూపర్‌వైజర్ గారు పేరు పంపిస్తానన్నారు."

"పంపిస్తాడు. పంపించడానికేం? తీసుకునేవాళ్లు ఉండాలి కదా."

వెనక్కి తిరిగాను. అప్పుడే నా నోట్లోంచి ఇంకో ప్రశ్న వచ్చింది. ఎందుకు అడిగానో. "ఇప్పుడావిడ మనసు మార్చుకుని ఉద్యోగమే కావాలంటే?"

"శుక్రవారం దాకా కాగితాలు నా సొరుగులోనే ఉంటాయి. వచ్చి అడిగితే చింపేసి కొత్తది రాయించుకుంటాను, నాదేం పోయింది? శుక్రవారం సాయంత్రం హెడ్డాఫీసుకి వెళ్లాయంటే మాత్రం ఎవరొచ్చినా మారదు."

తిరిగి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. "ప్రయత్నిద్దామన్నాను గానీ, ఇప్పిస్తానన్నానా అమ్మా?" అన్నాడు. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాడు ఈసారి.

మే 21, గురువారం

ఆవిడకి ఫోన్ చేద్దామనుకున్నాను. ఎత్తితే మరిది ఎత్తుతాడేమో. చెయ్యలేదు.

ఒకవేళ చెప్పాననుకుందాం. వస్తుంది, మార్పిస్తుంది, వచ్చే నెల నుంచి ఆ బల్ల దగ్గర కూర్చుంటుంది. రిపోర్టులు నేను రాస్తాను, సంతకాలు తను పెడుతుంది. నేను రిటైర్మెంటు లేని ఉద్యోగంలో ముసలిదాన్నయ్యేదాకా సీసాలు కడుగుతాను. ఎవరి మొగుడు పోయాడో వాళ్లకి కుర్చీ. నాకు ఆవిడ మీద ఏ కోపమూ లేదు. కానీ అది చూస్తూ నేను రోజూ ఎలా పనిచెయ్యాలి?

అమ్మ, "ఏమిటే అలా ఉన్నావు?" అంది. పోస్టు రద్దయిందని చెప్పాను. మిగతాది చెప్పలేదు.

"అయితే ఆ పిల్లే చేరొచ్చుగా," అంది అమ్మ.

"రాసిచ్చేసిందిగా."

"పాపం. ఇంకేం చెయ్యలేమా?"

"చెయ్యలేం," అన్నాను.

మే 22, శుక్రవారం

సెలవు పెట్టాను. ఒళ్లు వెచ్చగా ఉన్నట్టుంది. పడుకున్నాను.

మే 23

జ్వరం లేదు.

జులై 6

డబ్బు వచ్చిందట. షాపు పక్కన ఇంకో గది తీసుకుని మరిది పెద్ద బోర్డు పెట్టాడు, బస్సులోంచి చూశాను. లైట్లు బాగానే పెట్టించాడు.

పెద్దాయన పనంతా ఇప్పుడు నేనే చేస్తున్నాను. కూలి పాతదే. సంతకం సూపర్‌వైజర్ పెడుతున్నాడు, చూడకుండా.

ఆగస్టు 11

కూరగాయల దగ్గర కనిపించింది. చిక్కిపోయింది. వడ్డీ మొదట ఒక నెల ఇచ్చాడట. తర్వాత, "బేరాలు లేవు వదినా, ఇంట్లో మనిషివి నువ్వే అడిగితే ఎలా?" అన్నాడట. పెన్షన్ కూడా ఇంటి ఖర్చుకే పోతోందట.

"నీ ఒంట్లో ఎలా ఉంది అక్కా? మేలో జ్వరమొచ్చిందన్నారు," అని అడిగింది.

వంకాయలు కొనకుండానే వచ్చేశాను.

సెప్టెంబరు 28

నేను పెద్దాయన పని చేస్తున్నాను కాబట్టి సీసాలకి ఒక మనిషి కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాను. ఇవాళ సూపర్‌వైజర్, "దొరికింది, రేపట్నుంచి వస్తుంది," అన్నాడు. "నీకు తెలిసిన మనిషే. వచ్చి బతిమాలుకుంది. ఇల్లు వదిలి బయట గది తీసుకుందట. పోనీలే అని రోజుకూలికి పెట్టాను."

అమ్మకి చెప్పలేదు.

సెప్టెంబరు 29

వచ్చింది. చీర కొంగు దోపుకుని, ఏమీ అడక్కుండా సింకు దగ్గర నిలబడింది. ఎక్కడ ఏముందో తెలుసు, నేను నేర్పినదే. సీసాలు నేను కడిగేదానికంటే శుభ్రంగా కడిగి, నీడలో బోర్లించింది.

మధ్యాహ్నం నేనే పలకరించాను. "గాలి పడుతోందా ఇక్కడ?"

"పడుతోంది," అంది. బ్రష్షు సీసాలో తిప్పుతూనే ఉంది. "మొన్న పని కోసం వచ్చినప్పుడు గుమస్తా గారు చెప్పారు. ఆ వారం శుక్రవారం దాకా టైం ఉండిందట కదా. మార్చుకోనిచ్చేవారట. బుధవారమే నీకూ చెప్పానన్నారు."

"నాతో అనలేదు," అన్నాను. "ఆయన మర్చిపోయి ఉంటాడు. నాకు నిజంగా తెలియదు."

"అవును, నీకెలా తెలుస్తుంది," అంది.

అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. ఏదైనా అంటే జవాబు చెప్పుకోవడానికి నా దగ్గర చాలా ఉంది. కవరు సంగతి ఉంది, ఆ లీకు రోజు వీపు రాసిన సంగతి ఉంది, నా తొమ్మిదేళ్లున్నాయి. ఏదీ అడగలేదు. సీసాలన్నీ అయ్యాక చేతులు తుడుచుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇవి ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

అక్టోబరు 14

ఇద్దరిదీ రోజుకూలే. ఒకటే కూలి, శనివారం ఒకే కిటికీ దగ్గర వరసలో నిలబడి తీసుకుంటాం. నన్ను మేడమ్ అనొద్దని, మీరు అనొద్దని, నలుగురూ వింటే నవ్వుతారని ఈరోజు చెప్పేశాను.

"సరే మేడమ్," అంది.